ఏప్రిల్ మంచుకే జారుడెక్కువ!

ఏప్రిల్ నెల. బోస్టన్‌లో గడ్డి పచ్చబడింది, చెట్లు చిగురేస్తున్నాయి. "చలికాలం అయిపోయింది కదా బావా, ఇంకా ఆ ముళ్ళ గొలుసులెందుకు?" అన్నాడు మా బావమరిది. నిజమే కదా అని వాటిని కారులోనే వదిలేసి, న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో కొండదారి పట్టాం. పొద్దున్న ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం రెండింటికి అదే దారిలో దిగుతుంటే కాలు జారింది. అదృష్టవశాత్తూ మణికట్టు బెణకడంతో సరిపోయింది.

జనవరిలో పడనివాడిని ఏప్రిల్‌లో ఎందుకు పడ్డాను?

చలికాలమంతా జనం నడిచి నడిచి దారి మధ్యన మంచు గట్టిగా అణిగిపోతుంది. వసంతంలో పక్కన ఉన్న మెత్తటి మంచు ముందు కరుగుతుంది. నడుమ ఉన్నది సన్నటి గట్టులా మిగులుతుంది. ఇక్కడివాళ్ళు దీన్ని 'మోనోరైల్' అంటారు. పగలు పైపైన కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి, అది గాజులా నున్నబడుతుంది. పక్కకి అడుగేస్తే తొడలదాకా దిగబడవచ్చు.

ఇక జారుడు సంగతి. రెండు మంచుగడ్డల్ని ఆనించి ఉంచితే అతుక్కుపోవడం గమనించిన మైకేల్ ఫేరడే, మంచు ఉపరితలం మీద పలచటి నీటి పొర ఉంటుందని 1850లో ఊహించాడు. ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కి దగ్గరయ్యేకొద్దీ ఆ పొర మందమవుతుంది. సున్నాకి 20 డిగ్రీలు దిగువన బూటు రబ్బరుకి కొంత పట్టు దొరుకుతుంది. మధ్యాహ్నపు ఎండలో పైన నీరు నిలిస్తే, నాచు పట్టిన కోనేటి మెట్ల మీద కాలు వేసినట్టే!

బూట్లకి తొడిగే ముళ్ళ గొలుసులు (మైక్రోస్పైక్స్) ఈ నీటి పొరతో పేచీ పెట్టుకోవు. సుమారు సెంటీమీటరు పొడవున్న ఉక్కు ముళ్ళ మీదికి మన బరువంతా చేరుతుంది; అవి నీటిని దాటి గట్టి మంచులోకి దిగుతాయి.

రెండో ప్రమాదం తడి. నీరు గాలికంటే పాతిక రెట్లు సులువుగా వేడిని లాగేస్తుంది. నూలు జీన్స్ తడిస్తే త్వరగా ఆరవు. ఉన్ని, పాలియెస్టర్ నయం. చలికి సెల్‌ఫోన్ బేటరీ కూడా నీరసిస్తుంది. ఫోన్‌ని లోపలి జేబులో, కాగితం మేప్‌ని సంచీలో పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం: మీ ఊరి వాతావరణం చూసి బయలుదేరకండి. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 నుంచి 5 ఫారెన్‌హైట్ డిగ్రీలు తగ్గుతాయి. కింద వాన పడుతుంటే పైన మంచు పడుతూ ఉండవచ్చు. ఇక్కడి 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్ మీద గంటకి 231 మైళ్ళ గాలి నమోదైంది 1934 ఏప్రిల్ 12న, జనవరిలో కాదు! ఆ శిఖరం మీది అబ్జర్వేటరీ వారు ఎత్తైన శిఖరాలకి విడిగా వాతావరణ సూచన ఇస్తారు. అది చూడండి.

పెందలాడే ఎక్కండి, ఎండ ముదరకముందే దిగండి. ముళ్ళ గొలుసులు మాత్రం కారులో కాదు, వీపు మీది సంచీలో ఉండాలి. మా బావమరిది ఇప్పుడు మే నెలలో కూడా తనవి మోసుకొస్తున్నాడు.