ఒకే పచ్చిక, పలువురి గుఱ్ఱములు

ఇంగ్లండులో గుఱ్ఱమును పెంచుకొనువారందఱికిని సొంత నేల ఉండదు. పట్టణములలో ఉద్యోగము చేసికొనుచు, స్వారిమీది మక్కువతో ఒకటో రెండో గుఱ్ఱములను పోషించు సామాన్య కుటుంబములు అచట అనేకము. వారు ఊరి వెలుపల ఒక రైతు వద్దనో, గుఱ్ఱపుసాల నడపువారి వద్దనో నెలకింత అని చెల్లించి చోటు అద్దెకు తీసికొందురు. ఇట్టి చోటును ‘లివరీ యార్డు’ అందురు. ‘లివరీ’ అను మాటకు మొదట ‘ఇచ్చినది’ అని అర్థము. పూర్వము ప్రభువులు తమ సేవకులకు ఇచ్చు భోజనమును, బట్టలును, గుఱ్ఱములకు కొలిచి పెట్టించు దాణాయు ఈ మాట క్రిందికే వచ్చెడివి.

నేడు ఈ ఏర్పాటు నాలుగు విధములుగా సాగుచున్నది. పూర్తి సొమ్ము చెల్లించినచో మేత, మాలీసు, సాల శుభ్రము అన్నియు యార్డువారే చూతురు. కొంత చెల్లించినచో కొన్ని పనులు వారివి, కొన్ని యజమానివి. మూడవ విధమున చోటు మాత్రమే వారిది; చాకిరి అంతయు యజమానిదే. నాల్గవదానిలో సాల కూడ ఉండదు. పచ్చికలో మేపుకొను హక్కు మాత్రమే ఉండును. విధమేదైనను, సాలలో ఎవరి గుఱ్ఱపు గది వారిది. పచ్చికబయలు మాత్రము సాధారణముగా అందఱిది. తగవులు ఎక్కువగా అచటనే పుట్టుచున్నవి. అవి మాటలతో ముగిసినచో మనము పట్టించుకొనవలసిన పని లేదు. కాని ఒక్కొక్కప్పుడు అవి గుఱ్ఱపు కాలు విఱుగుటతోను, మనుష్యుల ప్రాణాపాయముతోను ముగియుచున్నవి. అందుచేత వాని మూలమును కొంత పరిశీలింపదలచితిమి.

మొదట గుఱ్ఱపు స్వభావమును ఎఱుగవలెను. అది మందలో బ్రతుకు జంతువు. స్వేచ్ఛగా విడిచినచో రోజులో ఇంచుమించు 16 గంటల వఱకు మేయగలదు. మందలో ఏది ముందు నీరు త్రాగవలెనో, ఏది తొలగి దారి ఈయవలెనో వానిలో అవియే నిర్ణయించుకొనును. చెవులు వెనుకకు వాల్చుట, మెడ చాచి బెదరించుట, వెనుక కాలు ఎత్తి చూపుట, ఇవి యన్నియు వాని భాష. చాలవఱకు తగవు ఆ బెదరింపుతోనే తీఱును, ఎదుటిది తొలగిపోవును. తొలగుటకు చోటు లేనప్పుడు తన్ను పడును.

ఆ చోటు లేకుండ చేయువారు తఱచు మనుష్యులే. కంచె తలుపు కడ ఎండుగడ్డి వేయుట, ఇఱుకు మూలలో నీటితొట్టి ఉంచుట, దాణా బుట్ట చేత పట్టుకొని మంద నడుమకు పోవుట, నిన్న వచ్చిన గుఱ్ఱమును నేడే పాత మందలో విడుచుట, ఇట్టి పనులవలన తన్నులు పెరుగును. పిమ్మట ఒక యజమాని “మీ గుఱ్ఱము దుష్టము” అనును. మఱియొకరు “మీది పిఱికిది” అందురు. ఇద్దఱును గుఱ్ఱమును గుఱించి వాదులాడుదురు గాని, నీటితొట్టి ఎచట ఉన్నదో చూడరు.

అనుభవజ్ఞులు పాటించు పద్ధతులు కష్టమైనవి కావు. క్రొత్త గుఱ్ఱమును కొన్ని దినములు ప్రక్క మడిలో ఉంచి, నడుమ కంచె ఉండగా పాతవానితో పరిచయము కానిత్తురు. ఆ పిమ్మట నెమ్మదిగల ఒక గుఱ్ఱముతో జతచేసి, తుదకు మందలో కలుపుదురు. మందలో తిరుగువానికి వెనుక కాళ్ల లాడములు తీయించుటయు మంచి పద్ధతియే. ఇనుప లాడముతో పడు తన్ను ఉత్త డెక్క తన్నుకంటె ఎముకకు ఎక్కువ అపాయకరము. ఎండుగడ్డి వేసినచో గుఱ్ఱముల సంఖ్యకంటె ఒక కుప్ప అదనముగా, దూరదూరముగా వేయుదురు. గుఱ్ఱమును బయటిలోనికి తెచ్చినవారు తలుపు మూసి, దాని తలను తలుపువైపు త్రిప్పి, ఆ పిమ్మటనే పగ్గము విడువవలెను. విడిచిన సంతోషమున అది వెనుక కాళ్లు ఎగురవేసినను మనిషికి తగులదు.

ఇచట ఒక మాట ముఖ్యముగా చెప్పవలెను. వెనుక కాలి పైభాగమున, లోపలివైపు, ఎముకపై కండ మిక్కిలి పలుచన. అచట తన్ను తగిలినచో పైకి చిన్న గాయమే కనిపించి, లోపల ఎముక చీలి ఉండవచ్చును. గుఱ్ఱము అప్పటికి నడచుచునే ఉండును. తరువాత పండుకొని లేచునప్పుడు ఆ ఎముక పూర్తిగా విఱుగవచ్చును. కనుక తన్ను చూచినవారు, తప్పు తమ గుఱ్ఱముదేయైనను, వెంటనే చెప్పవలెను. నింద వచ్చునను భయముతో దాచిన ఒక గంట ఆ జంతువు ప్రాణము తీయవచ్చును. ఎవరు చెప్పినను దూషింపము అను కట్టుబాటు ముందే ఉన్న యార్డులో ఈ మాట దాగదు.

రెండవ తగవు సంఖ్యను గుఱించినది. శాశ్వతముగా మేపు పచ్చికలో హెక్టారునకు, అనగా సుమారు రెండున్నర ఎకరములకు, రెండు గుఱ్ఱములు అని బ్రిటిష్ హార్స్ సొసైటీ సూచించు లెక్క. ఈ లెక్కన నాలుగు హెక్టారులు ఎనిమిది గుఱ్ఱములకు సరిపోవును. తొమ్మిదవది వచ్చినచో యార్డు వారికి ఒక అద్దె అదనముగా వచ్చును. నష్టము మాత్రము తొమ్మిదింటికిని పంచబడును. పదవది వచ్చినప్పుడును అదే వాదము. శీతకాలపు వానలకు నేల బురదయై, గడ్డి వేళ్లతో సహా తొక్కుడుపడి, వసంతమున కలుపు మాత్రము మొలచును. మేత తగ్గినకొలది పోరు పెరుగును. పోరు పెరిగినకొలది తన్నులు పెరుగును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రాచార్యుడైన విలియం ఫార్స్టర్ లాయిడ్ 1833లో ప్రచురించిన ఉపన్యాసములలో ఉమ్మడి బయళ్లలోని పశువులు ఏల బక్కచిక్కి ఉండునని ప్రశ్నించెను. ఆ ఉదాహరణమునే గ్రహించి అమెరికా జీవశాస్త్రజ్ఞుడు గారెట్ హార్డిన్ 1968లో ఒక వ్యాసము వ్రాసి, ఉమ్మడి సొత్తు తుదకు నాశమగునని వాదించెను. కాని ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషి అనేక దేశములలోని ఉమ్మడి బయళ్లను, నీటికాలువలను పరిశీలించి, ఆ నాశము తప్పనిది కాదని 1990లో వెలువడిన తన గ్రంథమున నిరూపించెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆమె చూపిన ఉదాహరణములలో స్విట్జర్లండునందలి టోర్బెల్ గ్రామము ఒకటి. చలికాలమున తన సాలలో ఎన్ని ఆవులను మేపగలడో అంతకు మించి ఎవడును కొండ పచ్చికకు తోలరాదని అచట 1517 నాటికే కట్టుబాటు వ్రాసికొనిరి. ఉమ్మడి బయలు నిలచుట మనుష్యుల మంచితనముపై మాత్రమే ఆధారపడదు. లెక్క స్పష్టముగా ఉండవలెను; దానిని కాచువారు ఉండవలెను; మీఱినవారికి దండన ఉండవలెను.

మూడవ తగవు మిక్కిలి చిక్కైనది. ఇందు ఇరుపక్షములవారును న్యాయమే చెప్పుదురు. పొట్టిజాతి తట్టువలకు వసంతపు లేబచ్చిక మితిమీఱినచో ‘లామినైటిస్’ అను డెక్కవ్యాధి రావచ్చును. పచ్చికలోని చక్కెరలు ఎక్కువై, డెక్క గోడను లోపలి ఎముకతో పట్టి ఉంచు పొర దెబ్బతిని, జంతువు అడుగు తీసి అడుగు వేయలేదు. కాని అదే బయలిలోని ముసలి గుఱ్ఱము పండ్లు అరిగి, ఒడలు చిక్కి, ఆ లేబచ్చికకే ఎదురుచూచుచుండును. ఒక యజమాని బయలు మూయుమనును, మఱియొకరు తెఱువుమందురు. ఇచట ఓట్లు లెక్కించి లాభము లేదు. విద్యుత్తు ప్రవహించు పట్టీలతో బయలును పాయలుగా విభజించి, యజమానుల స్నేహములను బట్టి కాక, గుఱ్ఱముల అవసరమును బట్టి వానిని పంచవలెను. మన రైతులు నూర్పిడివేళ ఎద్దు మూతికి కట్టు చిక్కము వంటిదానిని ఆ తట్టువల మూతికి కట్టుటయు కలదు. దానిలోనుండి గడ్డి కొంచెము కొంచెముగా మాత్రమే నోటికి అందును.

లద్దె ఎత్తుటలో పేచీలు చూచుటకు చిల్లరవి. కాని గుఱ్ఱముల ప్రేగులలోని పురుగుల గ్రుడ్లు లద్దెతో వెలువడి, పిల్లలై, గడ్డిపోచలపైకి ప్రాకును. ఒకరు తమ గుఱ్ఱపు లద్దెను వారమునకు రెండుసార్లు ఎత్తి, వేఱొకరు ఎత్తకున్నచో పురుగులు ఇద్దఱి గుఱ్ఱములకును సమానమే. పూర్వము నియమిత కాలమునకు అన్నిటికిని మందు పోయు అలవాటు ఉండెడిది. దానివలన పురుగులు మందునకు లొంగని స్థితికి వచ్చినవి. నేడు లద్దెలోని గ్రుడ్లను లెక్కించి, అవసరమైనదానికి మాత్రమే మందిచ్చు పద్ధతిని వైద్యులు సూచించుచున్నారు. బయలిలోని గుఱ్ఱములన్నిటికి కలిసి పరీక్ష చేయించిననే ఇది ఫలించును.

కలుపు విషయమును ఇట్టిదే. రాగ్‌వర్ట్ అను పసుపుపూల మొక్కలోని విషము గుఱ్ఱపు కాలేయమును క్రమక్రమముగా పాడుచేయును. పచ్చిగా ఉన్నప్పుడు చేదుచేత గుఱ్ఱము దానిని సాధారణముగా ముట్టదు. ఎండినచో చేదు తగ్గి విషము మిగులును. కనుక పెఱికిన మొక్కను బయలిలో విడుచుట పెఱుకకుండుటకంటె అపాయకరము. ఈ మొక్క వ్యాప్తిని అరికట్టుటకు 1959 నాటి కలుపుమొక్కల చట్టముతో పాటు 2003లో ప్రత్యేక చట్టమును చేసిరి. సికమోర్ అను వృక్షపు గింజలు ఆకురాలు కాలమునను, దాని మొలకలు వసంతమునను గుఱ్ఱపు కండరములను ధ్వంసము చేసి ప్రాణము తీయగలవు. అట్టి చెట్టు కలచోట ఆ ఋతువులలో కంచె వేయవలసిన పని ఎవరిదో ముందుగనే తెలియవలెను.

అంటువ్యాధులలో ‘స్ట్రాంగిల్స్’ అనునది ముఖ్యము. దవుడ క్రింది గ్రంథులు వాచి చీము పట్టు ఈ జబ్బు ముట్టుకొనిన చేతులతోను, ఒకే నీటితొట్టితోను వ్యాపించును. పైకి ఆరోగ్యముగా కనబడు గుఱ్ఱము కూడ దీనిని మోయవచ్చును. క్రొత్తగా వచ్చినదానిని రెండు మూడు వారములు వేఱుగా ఉంచుమనినచో, “మా గుఱ్ఱమును అనుమానించుచున్నారా” అని కొందఱు నొచ్చుకొందురు. ఈ నియమము వచ్చిన ప్రతి గుఱ్ఱమునకును ఒకటే అయినచో నొచ్చుకొనుటకు చోటుండదు.

కంచె దాటిన గుఱ్ఱము సంగతి మఱింత గంభీరము. 1996లో డెవన్ ప్రాంతమున ఒక రాత్రి మూడు గుఱ్ఱములు, తెలియని కారణమున బెదరి, విద్యుత్తు కంచెను, దాని వెలుపలి కొయ్య కంచెను కూడ త్రోసికొని, చాలదూరము పరుగెత్తి రహదారి నెక్కినవి. వానిలో ఒకదానిని ఢీకొని ఒక కారు నడపరి తీవ్రముగా గాయపడెను. యజమానుల అజాగ్రత్త ఏమియు రుజువు కాలేదు. అయినను నాటి అత్యున్నత న్యాయస్థానమగు ప్రభువుల సభ, ఇంగ్లండు, వేల్సులకు చెందిన 1971 నాటి జంతువుల చట్టము ననుసరించి, యజమానులే బాధ్యులని 2003లో తీర్పు చెప్పెను. ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఇటు, ఇద్దఱు అటు నిలచిరి. బెదరిన గుఱ్ఱము అడ్డములేక పరుగెత్తుట దాని స్వభావమనియు, ఆ స్వభావము యజమాని ఎఱిగినదేయనియు ఈ తీర్పునకు ఆధారము. పరుల చేను మేసిన పశువును బందెలదొడ్డికి తోలిన మన పల్లెలవారికి, పశువు చేసిన నష్టము యజమానిని వెదకికొని వచ్చుననుట క్రొత్త మాట కాదు.

అయితే ఒక గుఱ్ఱము మఱియొకదానిని తన్నినప్పుడు న్యాయము ఇంత సూటిగా ఉండదు. అదే చట్టము ప్రకారము అపాయమును ఎఱిగి తానై అంగీకరించినవానికి నష్టపరిహారము దక్కదు. తన గుఱ్ఱమును ఉమ్మడి మందలో విడిచినవాడు మందలో జరుగు సాధారణపు తన్నులను ఎఱిగియే విడిచెనని ఎదుటివారు వాదింపవచ్చును. తన గుఱ్ఱపు విపరీతస్వభావమును దాచిన వారి సంగతి వేఱు. అందుచేత వైద్యుని ఖర్చు ఎవరిదో, భీమా ఎవరు చేయింపవలెనో మొదటనే వ్రాసికొనుట మేలు. ఇంతేకాక, 2006 నాటి జంతుసంక్షేమ చట్టము తగిన మేత, తగిన చోటు, తగిన సహవాసము లేక ఏకాంతము, సహజమైన నడవడికి వీలు, నొప్పి రోగములనుండి రక్షణ అను ఐదింటిని జంతువు అవసరములుగా పేర్కొన్నది. ఈ బాధ్యత యజమానిపైననే కాక, గుఱ్ఱమును అప్పటికి చూచుకొనువారిపైనను ఉండును.

మేము చెప్పినదానిని యార్డులో చేరబోవువారు ఆరు ప్రశ్నలుగా అడుగవచ్చును. ఈ బయలిలో ఎన్ని గుఱ్ఱములకు మించి విడువరు? క్రొత్తదానిని ఎట్లు కలుపుదురు? లద్దె, కలుపు, కంచె ఎవరి పనులు? ప్రతి సాయంకాలము తలుపు గొళ్లెమును చూచువారెవరు? గాయమైనప్పుడు యజమాని అందకున్నచో వైద్యుని పిలిపించు అధికారము ఎవరిది? తుదకు, భేదాభిప్రాయము వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లును? చివరి ప్రశ్నకు “అందఱము కలిసి మాట్లాడుకొందుము” అను జవాబు వినుటకు ఇంపుగా ఉండును; కాని అర్ధరాత్రి కంచె తెగినప్పుడు అది పనికిరాదు. ఒకరి పేరు కావలెను.

ఇంతకట్టుదిట్టము స్నేహమునకు విరుద్ధమని కొందఱందురు. కాని పనులు ఎవరివో తెలిసినచోట ఒకరినొకరు అనుమానింపవలసిన అవసరము తగ్గును. ఒప్పందముపై సంతకము చేయువారు మనుష్యులు; అది తప్పినచో గాయపడునది మాట రాని జంతువు, లేదా ఆ రాత్రి ఆ దారిన కారులో ఇంటికి పోవుచున్న ఒక అపరిచితుడు. కావున మొదటి గుఱ్ఱమును పచ్చికలో విడుచుటకు ముందే ఈ మాటలు ముగించుకొనవలెను.