గూగుల్‌లో యాడ్ ఇస్తున్నారా? క్లిక్‌కి డబ్బులు పోతాయి.. కస్టమర్ వస్తాడన్న గ్యారంటీ లేదు! చిరు వ్యాపారులు చూసుకోవాల్సినవి ఇవే..

వాషింగ్ మెషిన్ ఆగిపోతే ఇప్పుడు ఎవరూ పక్కింటివాళ్లను అడగడం లేదు. ఫోన్ తీసి గూగుల్‌లో వెతుకుతున్నారు. అక్కడ పైన 'స్పాన్సర్డ్' అని కనిపించేవి ఊరికే రావు. వాటిని నొక్కిన ప్రతిసారీ షాపు యజమాని జేబులోంచి డబ్బు కట్ అవుతుంది. దీన్నే పే పర్ క్లిక్ అంటారు. యాడ్ కనిపించినందుకు కాదు, నొక్కినందుకే బిల్లు. 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలైన ఈ సర్వీస్ 2018లో గూగుల్ యాడ్స్‌గా మారింది.

ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లదే పై స్థానం అనుకుంటే పొరపాటే. ఎవరైనా సెర్చ్ చేసిన ప్రతిసారీ లోపల ఒక వేలం జరుగుతుంది. క్లిక్‌కి ఎంత ఇస్తారన్నదే కాదు, యాడ్ ఆ సెర్చ్‌కి ఎంత సరిపోతుంది, నొక్కితే తెరుచుకునే పేజీ ఎలా ఉందన్నదీ చూస్తారు. ఉదాహరణకు ఒక షాపు 40 రూపాయలు పాడింది, దాని నాణ్యత 10కి 4. గుణిస్తే 160. ఇంకో షాపు 25 రూపాయలే పాడింది, కానీ నాణ్యత 8. మొత్తం 200. పైన కనిపించేది రెండో షాపే. పైగా అది 25 కూడా కట్టక్కర్లేదు, 20కి కాస్త ఎక్కువ చాలు. అసలు లెక్కలో ఇంకా చాలా అంశాలు ఉంటాయి కానీ, సూత్రం ఇదే.

మరి డబ్బు ఎక్కడ పోతోంది? ఎక్కువగా కీవర్డ్స్ దగ్గరే. 'వాషింగ్ మెషిన్ రిపేర్' అనే మాటను బ్రాడ్ మ్యాచ్‌లో పెడితే, రిపేర్ కోర్సు కోసం వెతికేవాళ్లకీ, ఇంట్లోనే బాగుచేసుకుందామని వీడియోలు చూసేవాళ్లకీ యాడ్ కనిపించొచ్చు. వాళ్లు నొక్కినా బిల్లు పడుతుంది. అందుకే 'కోర్స్', 'జాబ్స్', 'ఫ్రీ' లాంటి మాటలను నెగెటివ్ కీవర్డ్స్‌గా చేర్చాలి. యాడ్ ఏయే మాటలకు కనిపించిందో 'సెర్చ్ టర్మ్స్' రిపోర్టులో ఉంటుంది. వారానికోసారి అది తెరిచి చూసే ఓపిక లేకపోతే ఈ యాడ్స్ జోలికి వెళ్లకపోవడమే నయం.

లొకేషన్ సెట్టింగ్‌లో కూడా ఒక తిరకాసు ఉంది. విజయవాడ అని పెట్టినా, ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరిపై ఆసక్తి చూపినవాళ్లకూ యాడ్ వెళ్లేలా ముందే సెట్ చేసి ఉంటుంది. టిఫిన్ సెంటర్‌కైతే ఇది దండగ. రిపేర్ షాపుకు మాత్రం అమెరికా నుంచి అమ్మానాన్నల కోసం మెకానిక్‌ని వెతికే కొడుకు కూడా కస్టమరే మరి!

ఇక బడ్జెట్ సంగతి. రోజుకు 500 అని పెడితే ఒక్కోరోజు 1,000 వరకూ ఖర్చవ్వొచ్చు. ఇది మోసం కాదు, రూలే అంత. అయితే నెల మొత్తానికి 30.4 రోజుల లెక్కన 15,200 దాటదు. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం.

ఇప్పుడు గిట్టుబాటు చూద్దాం. క్లిక్‌కి 20 చొప్పున 500కి 25 క్లిక్‌లు వచ్చాయనుకుందాం. జీఎస్టీతో 590. అందులో ఐదుగురు ఫోన్ చేసి, ఇద్దరు పని ఇచ్చారు. ఒక్కో పనికి 400 మిగిలితే 800 వచ్చినట్టు. అంటే చేతికి 210. ఒక్కరే పని ఇస్తే మాత్రం 190 నష్టం! క్లిక్‌లు అవే, ఖర్చూ అదే. ఏ కాల్ యాడ్ నుంచి వచ్చిందో రాసుకోని షాపుకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేని టైమ్‌లో యాడ్ ఆగేలా షెడ్యూల్ పెట్టుకోవచ్చు కూడా.

ఏజెన్సీకి అప్పగించేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. అకౌంట్ షాపు యజమాని మెయిల్ ఐడీతోనే తెరిచి, ఏజెన్సీకి యాక్సెస్ మాత్రమే ఇవ్వాలి. లేదంటే వాళ్లతో తెగదెంపులైన రోజు నెలల తరబడి పోగైన డేటా కూడా వాళ్లతోనే పోతుంది. 'గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, నంబర్ వన్ ప్లేస్ గ్యారంటీ' అని ఫోన్ వస్తే వెంటనే పెట్టేయడమే. ప్రతి సెర్చ్‌కీ కొత్తగా వేలం జరిగేచోట అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.