హార్డ్ డిస్క్ పాడైతే: ముందు ఫైళ్ళు, తరువాతే విండోస్

హార్డ్ డిస్క్ మొరాయిస్తే వెంటనే విండోస్ మళ్ళీ ఎక్కించకండి. అదే డిస్కులో ఎక్కిస్తే పాత ఫైళ్ళు చెరిగిపోవచ్చు. టక్ టక్ మని శబ్దం వస్తుంటే ఆపేసి, డేటా రికవరీ నిపుణులకివ్వాలి.

కెల్లీవిల్ లో మా కంప్యూటరు డిస్కు శబ్దమేమీ లేకుండానే నెమ్మదించింది. పెన్ డ్రైవ్ నుండి లినక్స్ నడిపి, డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని వేరే డిస్కులోకి నకలు తీశాను. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, చెడినవాటిని చివర్లో ప్రయత్నిస్తుంది. ఆ తరువాతే కొత్త డిస్కులో విండోస్ 11 వేశాను.

నాన్నగారు పాత అను ఫాంట్లలో టైపు చేసిన జ్ఞాపకాలు తెరిస్తే ఇంగ్లీషు గుర్తులే! అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిదే తెలుగు కనబడదు. నకలులో ఉన్న విండోస్ ఫాంట్స్ ఫోల్డరు నుండి తెచ్చి వేయగానే అక్షరాలు వచ్చేశాయి.

కనుక మిత్రులారా, ఫొటోలతో పాటు ఫాంట్లనూ భద్రపరచుకోండి. వీలైతే యూనికోడ్ లోకి మార్చుకోండి.