ఎముకలను జూపు సులోచనములు

భుజము నొచ్చి తల దువ్వుకొనజాలని తల్లులును, నడుము నొచ్చి పీటపై కూర్చుండజాలని యత్తగార్లును మన యిండ్లలో పెక్కురు గలరు. "ఈ వయసున నాకు కోత యేల?" యని వారందురు. ఆ భయమునకు కొంత కారణము లేకపోలేదు.

ఎముక మాంసమున దాగియుండును. 1895వ సంవత్సరమున జర్మనీదేశమందు రాంట్జెన్ పండితుడు ఎక్సుకిరణములను కనుగొని, తన భార్య చేతి యెముకలను వ్రేలి యుంగరముతోసహా పటమున జూపెను. కాని పటము తెరమీదను, రోగి బల్లమీదను ఉందురు. వైద్యుడు రెంటిని మార్చి మార్చి చూచుచు పనిచేయవలయును. వెన్నెముకలో మర బిగించునపుడు త్రోవ కొన్ని మిల్లీమీటర్లు తప్పినను నరమునకు హాని కలుగవచ్చును.

ఈ చిక్కు తగ్గించుటకే ఆగ్మెంటెడ్ రియాలిటీ యను సాధనము వచ్చినది. ముందుగా సీటీ స్కానుతో ఎముకల రూపమును గ్రహించి, కంప్యూటరుచే లోతుతోగూడిన బొమ్మగా చేయింతురు. రోగి యెముకకు అమర్చిన గుర్తును కెమెరా కనిపెట్టుచుండును. వైద్యుడు ధరించిన సులోచనములలో ఆ బొమ్మ రోగి దేహముపైననే కానవచ్చును. పుస్తకములోని నమూనాను చూచి కుట్టుటకును, గుడ్డపైననే అచ్చు వేసికొని కుట్టుటకును గల భేదము సోదరీమణు లెఱుగుదురు గదా! ఇదియు నట్టిదే.

2017 డిసెంబరు 5వ తేదీన పారిస్ చెంత బొబిన్యీయందలి అవిసెన్ ఆసుపత్రిలో డాక్టరు తోమా గ్రెగరీగారు ఇట్టి సాధనమును ధరించి, 80 ఏండ్ల వృద్ధురాలికి కృత్రిమ భుజసంధి నమర్చిరి. 2020 జూన్ 8వ తేదీన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఒక రోగి వెన్నెముకలో ఆరు మరలను ఈ రీతినే బిగించిరి.

ఐనను గుడ్డ జరిగినచో అచ్చు తప్పునట్లు, ఆ గుర్తు ఒకింత కదలినను బొమ్మ తప్పు చోటున కానవచ్చును. బొమ్మపైననే దృష్టి నిలిపినచో ఎదుటి గాయము మఱపునకు రావచ్చును. కావున వైద్యుని యనుభవమే ప్రధానము. సులోచనములు తోడు మాత్రమే.

మేము సోదరీమణులకు జెప్పునది యొక్కటి. ఇంటి పెద్దలకు కోత యవసరమని వైద్యుడు చెప్పినపుడు, సాధనము క్రొత్తదా పాతదా యని మాత్రమే యడుగకుడు. మందులతోను వ్యాయామముతోను కుదురదా? తా మిట్టి కోతలెన్ని చేసిరి? బొమ్మ సరిగా నున్నదని యెట్లు సరిచూతురు? అని యడుగుడు. ఆ యుత్తరములను పెద్దవారి చెంత కూర్చుండి, వారికి తెలియు మాటలలో చెప్పుడు. వారి భయము సగము అచ్చటనే తీరును.