తారుమారైన వరుస

ఆంగ్ల సాహిత్య పరీక్షకు చదువుకొంటున్న సోదరి ఒకరు ఉప్పుగూడ నుండి మాకు లేఖ వ్రాశారు. కాల్పనిక కవులకూ, విక్టోరియా యుగపు రచయితలకూ భేదమేమిటని ఆమె మొదటి ప్రశ్న. మన నవల, మన భావకవిత్వం వారికి నీడలు మాత్రమేనా అన్నది రెండవది. ఇందులో కొంత బాధ ధ్వనించినది. కనుక రెంటికీ కలిపి సమాధానం మనవి చేస్తాము.

1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి ‘లిరికల్ బాలడ్స్’ ప్రకటించిన నాటి నుండి ఆంగ్లంలో కాల్పనిక యుగాన్ని లెక్కించడం పరిపాటి. ఆ కవికి తన హృదయమే ప్రమాణం, ప్రకృతి ఆత్మబంధువు. 1837లో విక్టోరియా రాణి సింహాసనమెక్కే నాటికి కీట్సు, షెల్లీ, బైరను గతించారు. యంత్రశాలలు, రైళ్లు, కిక్కిరిసిన నగరాలు వచ్చాయి. ఆ సంవత్సరమే డికెన్సు ‘ఆలివర్ ట్విస్ట్’ ఆరంభించి, బీదల శరణాలయాలలోని ఆకలిని పాఠకుల ఎదుట నిలిపాడు. మొదటివారు తమ అనుభూతిని పాడుకొన్నారు. రెండవవారు సంఘం ఎట్లా బ్రతకాలో విచారించారు. కవిత్వం ఆగలేదు గాని, నవలకు పెద్దపీట దక్కినది.

తెలుగునాట ఈ వరుస తారుమారైనది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వెలువడనారంభించినది. 1881లో రాజమహేంద్రవరంలో వారు తొలి వితంతు వివాహం జరిపించారు. గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కినది. సంఘాన్ని దిద్దదలచిన ఈ దృష్టి విక్టోరియా యుగానికి సన్నిహితం. భావకవిత్వమో, ఆ పిమ్మట వచ్చినది: రాయప్రోలు సుబ్బారావుగారి ‘తృణకంకణం’ 1913లో, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షం’ 1925లో. ఆ రాయప్రోలువారే మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు.

ఇట్లా ఎందుకు జరిగినది? మన కళాశాలలలో వర్డ్స్‌వర్తూ, డికెన్సూ ఒకే బల్లమీదికి వచ్చారు. ఎవరిని ముందు అందుకోవాలో మన అవసరమే నిర్ణయించినది. పసిపిల్లను డబ్బు పుచ్చుకొని వృద్ధునికిచ్చే ఇంట ప్రేమగీతం ఎవరికొరకు పాడాలి? పెండ్లి బేరం కారాదని ముందు వాదించవలసి వచ్చినది. ఆ వాదం కొంత నెగ్గిన పిమ్మటనే, వలచే హృదయానికి కవిత్వంలో చోటు దొరికినదని మా అభిప్రాయం.

మనిషి కుడికాలు ముందుంచితే నీడ ఎడమకాలు ముందుంచజాలదు. మన సాహిత్యం ఆ పని చేసినది. సోదరీ, ఈ సమాధానానికి పరీక్షలో మార్కులు వస్తాయో రావో మేము చెప్పలేము గాని, మీ మనసులోని బాధ మాత్రం అక్కరలేదు.