గోదావరి మొగలు – మడయడవులు

నాసిక సమీపమున త్ర్యంబకముకడ జనించిన గోదావరి, నేటి మంచిర్యాల జిల్లాలోని చెన్నూరువద్ద ఉత్తరముఖముగా ప్రవహించును. అందుచే ఆ క్షేత్రమునకు ఉత్తరవాహిని యని ప్రసిద్ధి. పిదప కాళేశ్వరమువద్ద ప్రాణహితను కలుపుకొని, మొత్తము 1,465 కిలోమీటర్లు పయనించి బంగాళాఖాతమును చేరును. సముద్రమున కలిసిన నీరు వృథాయైనదని పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదు.

నది సముద్రమును కలియు చోటును మొగ యందురు. అచట దినమునకు రెండుమారులు పోటు వచ్చి ఉప్పునీరు లోనికి చొచ్చును, ఆటువేళ మరలిపోవును. నది మోసికొనివచ్చిన ఒండ్రు అచ్చటనే పేరుకొనును. సామాన్యవృక్షములు బ్రదుకజాలని ఆ ఉప్పుబురదలో మడ, పొన్న, తిల్ల మొదలగు చెట్లు దట్టముగా పెరుగును. బురదలో గాలి చొరదు. కావున మడచెట్ల వేళ్లు మేకులవలె పైకి పొడుచుకొనివచ్చి గాలిని పీల్చును. గౌతమీశాఖ సముద్రమును కలియు ప్రాంతమున, కాకినాడకు దక్షిణముగా నున్న కోరంగి అడవి యిట్టిది. దానిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఈ యడవిలో రాలిన ఆకులు కుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమగును. వానిపై రొయ్యపిల్లలును, పీతలును బ్రదుకును. వానిని చేపలు తినును. చేపలను కొంగలు, నీటికుక్కలు, వేటలో నేర్పుగల నీటిపిల్లులు పట్టుకొనును. చిక్కని వేళ్లనడుమకు పెద్దచేపలు రాలేవు గనుక చేపపిల్లలు అచట నిర్భయముగా ఎదిగి, పిదప సముద్రమునకు పోవును. సమీపమున గల ఇసుకతీరములలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. శీతకాలమున ఉత్తరదేశములనుండి పక్షులు వలసవచ్చును. వరదకాలమున పులసచేప సముద్రమునుండి యీ మొగలగుండనే నదికి ఎదురీది గ్రుడ్లు పెట్టబోవును. బెస్తవారి జీవనమునకు ఈ సంపదయే ఆధారము.

ఇట్టి యునికిపట్టునకు నేడు ముప్పు కలుగుచున్నది. 1990 తరువాతి సంవత్సరములలో రొయ్యలచెరువులకై కొన్నియెడల మడలను నరికిరి. సేద్యమునకు ఆనకట్టలు అవసరములే. అయినను వాని వెనుక ఒండ్రు నిలిచిపోవుటచే మొగలకు చేరునది తగ్గినది. తీరము కొన్నిచోట్ల కోతపడుచున్నది. మంచినీరు చాలనిచో బురదలో ఉప్పు మితిమీరి మడచెట్లు సైతము క్షీణించును.

కావున నదీముఖ సంరక్షణము తీరవాసులకే సంబంధించిన పనికాదు. చెన్నూరువద్ద నదిలో కలిపిన మురుగు దిగువకే పోవును. అచట చెడనీయక కాపాడిన నీరును దిగువకే పోవును. కోరంగిలోని రొయ్యపిల్ల క్షేమము కొంతవరకు ఎగువనున్నవారి చేతులలోను గలదు.