పదకొండు అంగుళాల పిల్ల, పదిహేడు అంగుళాల కుర్చీ

"తాతా, నాను కుదురుగా కూకోనంట. టీచరమ్మ అంది." మా మనవరాలు సంచీ అరుగు మీద పడేసి ఫిర్యాదు చేసింది. ఒకటో తరగతి. సోంపేటలో సాయంత్రం పూట కోర్టులు తాతల దగ్గరే నడుస్తాయి మరి.

"ఎలగ కూకున్నావో సూపించు" అన్నాను. నా కుర్చీ ఎక్కింది. పాదాలు గాల్లో ఊగుతున్నాయి. నిమిషం గడవకుండానే ముందుకు జారింది, నడుం విల్లులా వంగింది, ఒక కాలు మడిచి పిర్ర కింద దోపుకుంది. టేపు తెచ్చి కొలిచాను. అరికాలి నుంచి మోకాలి వెనక గుంట దాకా 11 అంగుళాలు. కుర్చీ ఎత్తు 17. మిగిలిన 6 అంగుళాలకి పిల్లదా పూచీ?

మీరూ ఒక పని చెయ్యండి. అరచేతులు రెండూ పిర్రల కింద పెట్టుకుని గట్టి బల్ల మీద కూర్చోండి. రెండు ఎముకల గుబ్బలు చేతికి తగులుతాయి. మనం కూర్చునేది నిజానికి వాటి మీదే. పాదాలు నేలకి ఆనితే కాళ్ల బరువు నేల మోస్తుంది. ఆనకపోతే తొడల అడుగున కుర్చీ అంచు ఒత్తుతుంది, నరం నలిగి తిమ్మిరెక్కుతుంది. అందుకే పిల్ల నేలని వెతుక్కుంటూ ముందుకు జారుతుంది. జారితే కటి ఎముక వెనక్కి ఒరిగి, దాంతో వెన్ను గూనిలా వంగుతుంది. మనం దానికి పెట్టిన పేరు "కుదురు లేకపోవడం".

కదలడానికి ఇంకో కారణం ఉంది. కాళ్లలోని రక్తాన్ని గుండెకి ఎగదోసేవి పిక్క కండరాలు. అవి కదిలితేనే ఆ పంపు పనిచేస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తలకి రక్తనాళాలు దాదాపు లేవు. పోషణ వాటిలోకి ఇంకాల్సిందే. స్పాంజిలా నొక్కుకుంటూ విచ్చుకుంటూ ఉంటే దానికి కొంత సాయం.

అలాగని కదిలితే చదువు వచ్చేస్తుందని చెప్పను. 2015లో వెలువడిన ఒక ఫ్లోరిడా అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిల్ని పరీక్షించారు. ఏకాగ్రత కుదరని లక్షణాలున్న పిల్లలు (ఏడీహెచ్‌డీ అంటారు) కదిలినకొద్దీ గుర్తుపెట్టుకునే పనులు బాగా చేశారు. మామూలు పిల్లలకి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. అందరికీ ఒకే బల్ల ఎలా సరిపోదో, కదలనివ్వడానికని ఇచ్చే ఊగే స్టూలూ అందరికీ అంతే.

పిల్లకి తగ్గ చోటు వెతికిన బడులూ ఉన్నాయి. 1907లో రోమ్‌లో పసిపిల్లల బడి తెరిచిన మాంటిస్సోరి, పిల్లలే ఎత్తుకెళ్లగలిగే తేలికపాటి కుర్చీలు చేయించింది. కుర్చీ పడితే చప్పుడవుతుంది, ఆ చప్పుడే పిల్లకి జాగ్రత్త నేర్పుతుందంది. చాప పరుచుకుని దాని మీద పని చేసుకోవడం కూడా ఆ పద్ధతిలో ఉంది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, ఇక్కడి టీచర్లకీ నేర్పింది. మన మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ పల్లెబడుల్లోనైతే పిల్లలు ఎవరి మెట్టు ప్రకారం వాళ్లు కార్డు తీసుకుని, ఆ పనికి తగ్గ గుంపులోకి వెళ్లి కూర్చుంటారు. పని మారితే చోటు మారుతుంది. ఈ వరసే పక్క రాష్ట్రాల సర్కారు బడులకీ పాకింది.

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. మా చిన్నప్పుడు మేం నేల మీద కూర్చున్నది విజ్ఞానం కోసం కాదు, బెంచీ లేక. అందుకే 2019లో మన రాష్ట్రంలో సర్కారు బడుల కోసం మొదలైన నాడు-నేడు పథకంలో తొలి విడతగా 15,715 బడులు ఎంచుకుని బాగుచేస్తూ బల్లలూ ఇస్తే తల్లిదండ్రులు మురిసిపోయారు. ఆ బల్లలు తీసి మళ్లీ నేల మీద కూకోమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. బల్ల ఉండనీ. పక్కన రెండు తుంగచాపలు, నాలుగు పొట్టిపీటలు, నిలబడి రాసుకునేందుకు కిటికీ అరుగు. చాలదా? తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి మానుల్లో ఒక దుంగ మా పెరట్లో ఉంది. పిల్లలు దాని మీద గుర్రంలా కూర్చుని ఎక్కాలు వల్లిస్తారు.

మనవరాలి పాదాల కింద పొట్టిపీట పెట్టాను. ఇంకా ఖాళీ మిగిలితే పాత పంచాంగాలు రెండు దాని మీద వేశాను. పది లెక్కలు పూర్తయ్యేదాకా లేవలేదు.

"తాతా, రేపు ఈ పీట బడికి ఎత్తుకుపోతాను."

వంటింట్లోంచి వాళ్ల నాయనమ్మ: "మరి నాను పనసకాయ దేని మీద కూకొని కొయ్యాలె?"